గట్టిగా మూసిన డబ్బాలోకి నీళ్లెలా వెళ్తాయి: ఆరుబయట వైర్‌లెస్ పరికరాలకు రక్షణ

స్తంభం మీద బిగించిన వైర్‌లెస్ రేడియో పాడైతే, దాన్ని కిందికి దించి విప్పినవాళ్లు తరచూ ఒకే ప్రశ్న వేస్తారు: ఇంత గట్టిగా మూసిన డబ్బాలోకి నీళ్లు ఎలా వెళ్లాయి? మూత అంచున సందు మూసే రబ్బరు పట్టీ, అంటే గాస్కెట్, చెక్కుచెదరలేదు. స్క్రూలు బిగువుగానే ఉన్నాయి. వెనుక ఐపీ67 అని, అంటే ధూళినీ నీటినీ ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు, అచ్చు వేసి ఉంది. అయినా అడుగున చెంచాడు నీళ్లు, సర్క్యూట్ బోర్డు అంచున పచ్చని చిలుము. చాలాసార్లు జవాబు ఆ ప్రశ్నలోనే ఉంటుంది. గట్టిగా మూయడం వల్లే వెళ్లాయి.

ఎండలో ఉన్న డబ్బాను ఊహించుకోండి. మిట్టమధ్యాహ్నం లోపలి గాలి 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం విశేషమేమీ కాదు. ఇంతలో మబ్బు పట్టి జడివాన మొదలవుతుంది. చల్లని నీళ్లు మీద పడేసరికి కొద్ది నిమిషాల్లో లోపలి గాలి 25 డిగ్రీలకు దిగుతుంది. మూసిన పాత్రలో గాలి చల్లబడితే పీడనం తగ్గుతుందని బడిలో చదువుకున్నదే. కెల్విన్ లెక్కలో 333 నుంచి 298కి దిగడమంటే పీడనం పదో వంతుకు పైగా పడిపోవడం. వాతావరణ పీడనంలో పదో వంతంటే మీటరు లోతు నీళ్లు కలిగించే ఒత్తిడి. డబ్బా గాలిలోనే ఉన్నా, దాని అతుకులన్నీ మీటరు లోతున మునిగినంత ఒత్తిడిని భరించాలన్నమాట. పైగా సరిగ్గా అదే సమయంలో గాస్కెట్ చుట్టూ, కేబుల్ దూరే చోట నీటి పొర సిద్ధంగా ఉంటుంది. ఇక వెంట్రుకవాసి సందు చాలు. నీళ్లు వాటంతటవి కారనక్కర్లేదు, డబ్బాయే పీల్చుకుంటుంది.

ఒకసారి పీల్చేది కొన్ని చుక్కలే. మర్నాటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి అదే సందులోంచి బయటికి పోతుంది కానీ, అడుగుకు జారిన నీళ్లు పోవు. సందు పైన ఉంటుంది, నీళ్లు కింద ఉంటాయి. మళ్లీ ఎండ, మళ్లీ వాన. ఇలా ఒక వానకాలం గడిచేసరికి చుక్కలు చెంచాలవుతాయి.

వాన అసలే పడని చోట కూడా ఈ ఉచ్ఛ్వాస నిశ్వాసాలు ఆగవు. రాత్రి చల్లబడ్డప్పుడు డబ్బా తేమగాలిని లోపలికి తీసుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర పూర్తి తేమతో నిండిన గాలిలో ఘనమీటరుకు సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలి 20 డిగ్రీలకు చేరితే 17 గ్రాములే నిలుస్తుంది. మిగిలింది అన్నిటికంటే చల్లగా ఉన్న చోట బిందువులై చేరుతుంది. మబ్బులేని రాత్రి ఆకాశం కింద డబ్బా మూత చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది కాబట్టి ఆ బిందువులు మూత లోపలివైపు పట్టి, పెద్దవై బోర్డు మీదికి రాలతాయి. పది లీటర్ల డబ్బాలో ఒక రాత్రికి ఇది రెండు మూడు చుక్కలకు మించదు. అయితే రాత్రులు చాలానే ఉంటాయి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. నడుస్తున్న రేడియో తన వేడితో తన బోర్డును పొడిగా ఉంచుకుంటుంది. బోర్డు చుట్టూ ఉన్న గాలికంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉన్నంతకాలం దాని మీద ఆవిరి నీరుగా మారదు. ప్రమాదమంతా ఆగి ఉన్న పరికరానికే. సౌరశక్తితో నడిచే కేంద్రాల్లో బ్యాటరీ మిగుల్చుకోవడానికి రాత్రి పూట రేడియోను ఆపేస్తుంటారు. స్తంభం మీద ముందుగానే బిగించి, కరెంటు ఇవ్వకుండా నెలల తరబడి ఉంచే అదనపు యూనిట్లూ ఉంటాయి. పనిచేసే వాటికంటే ఇవే ముందు పాడవుతాయి.

ఐపీ అంకెలు చెప్పేదెంత, చెప్పనిదెంత

ఐపీ సంకేతం ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణంలోనిది. మొదటి అంకె ధూళికి, రెండోది నీటికి. ధూళి విషయంలో 6 అత్యధికం, అంటే ధూళి అసలే చొరబడదని అర్థం. నీటి విషయంలో ఐదో స్థాయి పరీక్షకు 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్ల ధార వాడతారు. ఆరో స్థాయిలో నాజిల్ 12.5 మిల్లీమీటర్లు, ధార నిమిషానికి 100 లీటర్లు. ఏడో స్థాయిలో మీటరు లోతు నీటిలో అరగంట ముంచుతారు. ఎనిమిదో స్థాయి అంతకంటే కఠినం, షరతులు తయారీదారు ప్రకటించాలి.

అంకె పెరిగేకొద్దీ రక్షణ పెరుగుతుందని అనుకోవడం సహజం. కానీ ఆరు వరకే ఆ మాట నిజం. ఏడు, ఎనిమిది పరీక్షలు వేరే రకానివి. నిశ్చలమైన నీటిలో అరగంట తట్టుకున్న డబ్బా, వేగంగా తాకే ధారకు లొంగిపోవచ్చు. ఐపీ67 గుర్తు ఉన్నంత మాత్రాన ఐపీ66 పరీక్ష గట్టెక్కినట్టు కాదు. రెండూ గట్టెక్కితే రెండు గుర్తులూ పక్కపక్కనే రాస్తారు. ఈదురుగాలితో అడ్డంగా కొట్టే వాన ముంపు కంటే ధారకే దగ్గర కనుక, స్తంభం మీది పరికరానికి నేను ఏడు కంటే ఆరును ముందు చూస్తాను.

అసలు మెలిక మరోటి. ఆ ప్రమాణం ప్రకారం పరీక్షకు వాడే నీటికీ, పరీక్షించే వస్తువుకూ మధ్య ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలు మించకూడదు. ప్రయోగశాలలో ఇది సబబే, ఫలితాలు ఒకదానితో ఒకటి పోల్చదగినట్టు రావాలి కదా. కానీ పైన చెప్పుకున్న 60 డిగ్రీల డబ్బా, చల్లని వాన కథ ఆ పరీక్ష పరిధిలోకే రాదు. అందుకే డబ్బా మీది అంకె అబద్ధం కాకపోయినా డబ్బా తడుస్తుంది.

పరీక్షకు పెట్టేది కొత్త వస్తువు, వాడేది మంచినీరు. ఐదేళ్ల ఎండకు గాస్కెట్ అణిగిపోయి తిరిగి లేవకపోవడం, ప్లాస్టిక్ పెళుసెక్కడం, సముద్రపు ఉప్పు, పారిశ్రామిక ఆమ్లాలు, మంచుగడ్డ కట్టి సందులు విచ్చుకోవడం, వీటి గురించి ఐపీ అంకె ఏమీ చెప్పదు. అమెరికాలో వాడే నీమా ప్రమాణం ఈ విషయంలో కాస్త మెరుగు. అందులోని 4ఎక్స్ తరగతి తుప్పును తట్టుకోవడాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఏ అంకె అయినా సరే, డబ్బాకు మీరు డ్రిల్లుతో రంధ్రం వేసిన క్షణం నుంచి దానికి తయారీదారు పూచీ ఉండదు. ఆ తర్వాతి అంకె మీ చేతి పనితనాన్ని బట్టే.

మూయాలా, తెరవాలా

పీడనం తేడాయే శత్రువైతే, ఆ తేడా రాకుండా చేయడమే మందు. దీనికి రెండు దారులున్నాయి. గాలిని పోనిచ్చి నీళ్లను ఆపే పొరను అమర్చడం ఒకటి. నీళ్లు ఎలాగూ వస్తాయని ఒప్పుకుని, అవి పోయే దారి ఉంచడం రెండోది.

మొదటి దారిలో వాడేది విస్తరించిన పీటీఎఫ్ఈ పొర, టెఫ్లాన్ కుటుంబానికి చెందిన పదార్థం. దీనిలోని సూక్ష్మరంధ్రాలు గాలికీ ఆవిరికీ దారిస్తాయి. ఆ పదార్థానికి నీరంటే గిట్టదు కనుక ద్రవరూపంలోని నీళ్లు తలతన్యత వల్ల రంధ్రాల్లోకి దిగలేవు. స్క్రూ ఆకారంలో దొరికే ఇలాంటి వెంట్ (గాలి ఆడే మార్గం) ఒకటి అమర్చితే డబ్బా లోపలా బయటా పీడనం క్షణాల్లో సమానమవుతుంది. గాస్కెట్ మీద భారం తగ్గుతుంది. దీన్ని డబ్బా పైభాగాన పెట్టకూడదు, అక్కడ నీళ్లు నిలుస్తాయి. పక్కన గాని అడుగున గాని ఉండాలి. పైకి బొత్తాములా కనిపిస్తుంది కాబట్టి దాని మీద రంగు వేసేవాళ్లూ, కారుతుందేమోనన్న భయంతో టేపు చుట్టేసేవాళ్లూ ఉంటారు. సబ్బునీళ్లతో కడగడం కూడా చెరుపే. సబ్బు నీటి తలతన్యతను తగ్గించేస్తుంది, ఆ పొర ఆధారపడింది దాని మీదే.

రెండో దారి అడుగున రంధ్రం. స్విచ్‌లు, బ్యాటరీలు పెట్టే పెద్ద డబ్బాలకు నా మొగ్గు దీనివైపే. రంధ్రం అత్యంత పల్లపు మూలన ఉండాలి, డబ్బా కాస్త వాలినా నీళ్లు అటే రావాలి. మరీ చిన్నదైతే పనికిరాదు. రెండు మిల్లీమీటర్ల రంధ్రంలో నీటిచుక్క తలతన్యతతో బిరడాలా నిలిచిపోతుంది, దిగదు. ఐదారు మిల్లీమీటర్లు ఉంటే దిగుతుంది. అంత రంధ్రంలోంచి చీమలు, కందిరీగలు, సాలెపురుగులు వస్తాయి కాబట్టి తుప్పు పట్టని సన్నని జల్లెడ తప్పనిసరి. ఎడారి ధూళి వీచే చోట గానీ, ఉప్పుగాలి వీచే తీరాన గానీ ఈ పద్ధతి చెల్లదు. అక్కడ పొర ఉన్న వెంట్‌కే వెళ్లాలి.

సిలికా జెల్ పొట్లాల సంగతి చెప్పకపోతే ఎవరైనా అడుగుతారు. నిజంగా మూసి ఉన్న డబ్బాలో, మూసేటప్పుడు మిగిలిపోయిన తేమను అవి పీల్చుకుంటాయి. ఊపిరి తీసే డబ్బాలో మాత్రం కొద్దిరోజుల్లో నిండిపోతాయి. ఆ తర్వాత అక్కడ ఒక పొట్లం ఉందన్న ధైర్యం తప్ప ప్రయోజనం ఉండదు.

కేబుల్ దారిన వచ్చే నీరు

డబ్బా ఎంత మంచిదైనా దానికి తగిలించిన కేబుల్ నీటికి రహదారి అవుతుంది. అందుకే కేబుల్ ఎప్పుడూ అడుగు నుంచే లోపలికి వెళ్లాలి. వెళ్లే ముందు కిందికి వంపు తిరిగి, ఆ వంపు కొసన నీళ్లు కారిపోయేలా ఉండాలి. ఇది అందరికీ తెలిసిందే అయినా, స్తంభాల కేసి తలెత్తి చూస్తే పైనుంచి నిటారుగా దిగి డబ్బా నెత్తిన దూరిన కేబుళ్లు కనిపిస్తూనే ఉంటాయి.

కేబుల్ డబ్బాలోకి దూరే రంధ్రంలో బిగించే కేబుల్ గ్లాండ్ గుండ్రటి కేబుల్‌కే పట్టు ఇస్తుంది, అదీ నిర్ణీతమైన మందం మధ్యనే. ఆరు మిల్లీమీటర్ల నెట్‌వర్క్ కేబుల్‌ను పది మిల్లీమీటర్ల గ్లాండ్‌లో పెట్టి ఎంత బిగించినా రబ్బరు వలయం దాన్ని తాకదు. ఒకే గ్లాండ్‌లో రెండు కేబుళ్లు దూర్చితే వాటి మధ్య త్రికోణాకారపు సందు రెండు వైపులా మిగులుతుంది. రెండు రంధ్రాలున్న రబ్బరు దిమ్మ వేరే దొరుకుతుంది, అలాంటి చోట అదే వాడాలి. ఖాళీగా ఉన్న గ్లాండ్‌ను టేపుతో కాకుండా మరలున్న బిరడాతో మూయాలి.

కేబుల్ లోపలి ప్రయాణం ఇంకా విచిత్రం. టవర్ పైన ఎక్కడో తొడుగుకు చిన్న గాటు పడుతుంది. బిగించిన టై కోసి ఉండవచ్చు, పక్షి పొడిచి ఉండవచ్చు. అక్కడ దూరిన నీళ్లు తీగల మధ్య సందుల వెంట దిగుతాయి. పది మీటర్ల ఎత్తున నిండిన నీటి స్తంభం కింద కలిగించే పీడనం దాదాపు ఒక వాతావరణ పీడనానికి సమానం, గాస్కెట్లు తట్టుకునే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చివరికి నీళ్లు బయటపడేది కింద గదిలో, పొడిగా ఉన్న స్విచ్ పోర్టులోంచి. పైకప్పు కారుతోందని వెతికేవాళ్లకు అది తట్టదు. లోపల జెల్ నింపిన లేదా నీరు తగిలితే ఉబ్బే టేపు చుట్టిన కేబుల్ వాడితే ఈ బాధ లేదు. జెల్ చేతికి జిడ్డుగా అంటుకుంటుంది, ప్లగ్ బిగించేటప్పుడు విసుగు తెప్పిస్తుంది. ఆ విసుగుకు ఓర్చుకోవడం మేలు.

యాంటెన్నా కనెక్టర్ల దగ్గర నీరు చేసే హాని మరో రకం. కేబుల్‌లో వాడే పాలిథిలిన్ పరావైద్యుత స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) 2.3 దరిదాపుల్లో ఉంటుంది, నీటిది 80 దరిదాపుల్లో. కనెక్టర్‌లో ఒక్క చుక్క చేరినా ఆ చోట కేబుల్ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కు అది చూపే అవరోధం, తలకిందులవుతుంది. సిగ్నల్‌లో కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత వేడిగా పోతుంది. ఎన్ రకం కనెక్టర్‌లో లోపలే రబ్బరు వలయం ఉంటుంది కాబట్టి అది బయటి వాడకానికి పనికొస్తుంది. ఆర్‌పీ-ఎస్‌ఎంఏ రకానికి సాధారణంగా ఆ రక్షణ ఉండదు. ఏ రకమైనా పైన టేపు చుట్టాల్సిందే.

ఆ చుట్టడంలోనే పనితనం తెలుస్తుంది. మొదట కనెక్టర్‌ను పొడిగా తుడిచి, సరిపడా బిగించి, మామూలు విద్యుత్ టేపుతో ఒక వరుస చుట్టాలి. ఈ వరుస నీటిని ఆపడానికి కాదు, రేపు విప్పాల్సి వచ్చినప్పుడు పైపొర జిగురు మరల్లో ఇరుక్కోకుండా ఉండటానికి. దాని మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును బాగా సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా తిప్పాలి. సాగదీయకపోతే పొరలు కలిసి ఒకటి కావు. రబ్బరును ఎండ తింటుంది కాబట్టి చివర్న ఎండకు ఓర్చే నల్లటి వినైల్ టేపు. ఈ చివరి వరుస కింది నుంచి పైకి రావాలి. అప్పుడే ప్రతి పై చుట్టూ కింది చుట్టు మీదికి దిగి, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా నీళ్లను బయటికి జార్చేస్తుంది. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీటిని పట్టే దోనె అవుతుంది. ఆఖరి చుట్టును లాగకుండా వదులుగా అంటించి కోయాలి. లాగి కోసిన కొస కొన్నాళ్లకు ముడుచుకుని లేచిపోతుంది.

సిలికాన్ పూసేస్తే పోలేదా అంటారు కొందరు. పూసేటప్పుడు వెనిగర్ వాసన కొడితే ఆ సిలికాన్ గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తోందని అర్థం. మూసిన కనెక్టర్‌లో ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. వాసన రాని తటస్థ రకమే వాడాలి. దాన్నీ కనెక్టర్ల మీద పూయడం నాకు నచ్చదు. విప్పేటప్పుడు కత్తితో గీకాలి, గీకేటప్పుడు కేబుల్ తొడుగు తెగుతుంది.

నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు ఇచ్చే పీఓఈ పద్ధతిలో మరో చిక్కు ఉంది. పిన్నుల మధ్య సుమారు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. వాటి మీద తేమ చేరితే అక్కడ విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది, ధనధ్రువం వైపు లోహం కరిగిపోతుంది. 4, 5 పిన్నులు ధనం, 7, 8 రుణం అయిన అమరికలో దించిన ప్లగ్‌ను భూతద్దంతో చూస్తే విషయం స్పష్టంగా కనిపిస్తుంది. 7, 8 పిన్నులు మసకబారి ఉంటాయి. 4, 5 పిన్నుల బంగారు పూత ఎగిరిపోయి, కింది లోహం పచ్చని పొడిగా మారి ఉంటుంది. మామూలు తుప్పు అయితే అన్నీ ఒకేలా తినాలి. సగమే తిన్నదంటే కరెంటు పారుతుండగా తడిసిందన్నమాట. పిన్నులకు విద్యుత్ నిరోధక గ్రీజు పూస్తే తేమ చేరే ఖాళీ ఉండదు.

కరెంటు ఇచ్చే ముందు అవతల పీఓఈ పరికరం ఉందో లేదో తెలుసుకోవడానికి స్విచ్ దాదాపు 25 కిలో ఓంల నిరోధం కోసం చూస్తుంది. తడిసిన ప్లగ్‌లో నీళ్లే మరో నిరోధమై దానికి సమాంతరంగా చేరతాయి. లెక్క తప్పి స్విచ్ కరెంటు ఇవ్వదు. ఎండ రాగానే పరికరం తనంతట తానే లేస్తుంది. రేడియో మార్చి, స్విచ్ మార్చి, ప్లగ్ మాత్రం మార్చని మరమ్మతులు ఇందుకే ఒక పట్టాన తెమలవు.

ఎప్పుడు పడిపోయింది, ఎప్పుడు లేచింది

సిగ్నల్ రికార్డును వాన వేళలతో పోల్చి చూస్తే డబ్బా విప్పకుండానే చాలా తెలుస్తుంది. వానతో పాటే పడిపోయి, ఆగిన నిమిషాల్లో లేస్తే అది గాలిలోని చినుకుల పని గానీ, యాంటెన్నా ముఖం మీది నీటిపొర పని గానీ అవుతుంది. ఇక్కడ పౌనఃపున్యం చూడాలి. గంటకు 50 మిల్లీమీటర్ల జడివానలో కూడా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కిలోమీటరుకు కోల్పోయేది డెసిబెల్‌లో (సిగ్నల్ బలంలో తగ్గుదలను కొలిచే ప్రమాణం) చిన్న భాగమే. అదే వానలో 60 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పది డెసిబెల్స్‌కు పైగా కోల్పోతుంది. కాబట్టి 5 గిగాహెర్ట్జ్ లింకు పడిపోతే నెపాన్ని వాన మీదికి నెట్టేసి ఊరుకోకూడదు. వాన వెలిశాక కూడా కోలుకోక, ఒకటి రెండు రోజులు ఎండ కాశాక లేచిందంటే కనెక్టర్‌లోనో ప్లగ్‌లోనో నీళ్లున్నాయి. ప్రతి వానకూ కొంచెం కొంచెం తగ్గుతూ, తగ్గినది మళ్లీ రాకపోతే తుప్పు మొదలైంది. మొదటి దానికి చేసేదేమీ లేదు, లింకుకు మిగులు బలం ముందే ఉంచుకోవాలి. రెండోదానికి ఒక మధ్యాహ్నం పని. మూడోదానికి కేబుల్ మార్చాలి.

ఎండ, ఉప్పు, మిగతావి

నీటి గురించే అందరూ భయపడతారు గానీ, దానికి దారి తీసేది ఎండే. ముప్పై సెంటీమీటర్లు, నలభై సెంటీమీటర్లు ఉన్న డబ్బా ముఖం మీద మిట్టమధ్యాహ్నం నిట్టనిలువుగా పడే సూర్యరశ్మి సుమారు 120 వాట్లు. నల్లని డబ్బా అందులో నూటికి పైగా వాట్లను వేడిగా తీసుకుంటుంది, శుభ్రమైన తెల్లది నాలుగో వంతు తీసుకుంటుంది. లోపలి రేడియో వాడుకునేది తరచూ పదీ పదిహేను వాట్లే. అంటే డబ్బాను వేడెక్కించేది ప్రధానంగా సూర్యుడు. పైన రెండు మూడు సెంటీమీటర్ల ఎడంతో ఒక రేకు నీడ కడితే, ఆ సందులో గాలి కదిలి చాలా వేడిని తీసుకుపోతుంది. ఫ్యాన్ల కంటే ఇది నమ్మకమైన ఏర్పాటు, చెడిపోయే భాగమేదీ లేదు. బోర్డు మీద విద్యుత్తును నిల్వ చేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు ప్రతి 10 డిగ్రీల పెంపుకూ ఆయుష్షు సగమవుతుందన్నది స్థూలమైన సూత్రం. నీడ ఖరీదును ఆ లెక్కలో చూసుకోవాలి. వేడి తగ్గితే వానకు పడే ఉష్ణోగ్రత దూకుడు తగ్గుతుంది, పీల్పూ తగ్గుతుంది.

అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంపుతాయి. తెల్లని నైలాన్ టైలు ఒకటి రెండేళ్లకే పుటుక్కున తెగుతాయి. కేబుల్ గాలికి ఊగుతుంది, ఊగిన కేబుల్ ప్లగ్‌ను కదిలిస్తుంది, కదిలిన ప్లగ్‌లోకి నీళ్లు వెళ్తాయి. ఇంటిలోపల వాడే పీవీసీ తొడుగు కేబుల్ ఎండకు పగుళ్లిస్తుంది. బయటికి పనికొచ్చేది రెండు శాతం పైచిలుకు కార్బన్ బ్లాక్ కలిపిన నల్లని పాలిథిలిన్ తొడుగు. యాంటెన్నా తొడుగుకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు, అది రేడియో తరంగాలకు పారదర్శకంగా ఉండాలి. దానికి అందంగా రంగు వేయాలనుకునేవాళ్లు లోహపు పొడి కలిసిన రంగు జోలికి పోకూడదు.

ఉప్పుగాలి విషయంలో మన ఊహకు ఎదురుతిరిగే నిజం ఒకటుంది. వాన తగలని చోటే తుప్పు ఎక్కువ. సోడియం క్లోరైడ్ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తానే నీటిని పీల్చి ద్రవమవుతుంది. వాన తగిలే ముఖం మీద ఉప్పు కొట్టుకుపోతుంది. చూరు కింద, బ్రాకెట్ వెనుక, డబ్బా అడుగున అది పేరుకుని, ఒక్క చుక్క వాన లేకుండానే ప్రతి రాత్రీ తడుస్తుంది. తీర ప్రాంతాల్లో పరికరాలను వేసవిలోనూ మంచినీళ్లతో కడగమనడం అందుకే. 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు కూడా ఉప్పు దగ్గర గుంటలు పడుతుంది, మాలిబ్డినమ్ కలిసిన 316 మెరుగ్గా ఓర్చుతుంది. ఉప్పు పొగమంచు పరీక్షలో ఇన్ని వందల గంటలు తట్టుకుందని ప్రకటనల్లో రాస్తారు. ఆ గంటలను సంవత్సరాల్లోకి మార్చే సూత్రమేదీ లేదు. రెండు పూతల్లో ఏది మేలో పోల్చుకోవడానికి పనికొస్తాయి, అంతే.

వేర్వేరు లోహాలు తడిలో కలిస్తే బలహీనమైనది కరుగుతుంది, ఎంత త్వరగా అన్నది వైశాల్యాలు తేలుస్తాయి. పెద్ద అల్యూమినియం బ్రాకెట్‌కు చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు పెడితే ఏళ్లు గడుస్తాయి. పెద్ద స్టెయిన్‌లెస్ పలకకు జింకు పూత బోల్టులు పెడితే పూత త్వరలోనే మాయమవుతుంది. రాగి ఎర్తింగ్ తీగను అల్యూమినియం లేదా జింకు పూత ఉన్న భాగానికి నేరుగా బిగించకుండా తగరం పూత ఉన్న కొసను మధ్యన వాడాలి. రాగి మీదుగా పారిన నీళ్లు కింది అల్యూమినియం మీద పడ్డా చాలు, తాకకుండానే తినేస్తాయి.

గడ్డకట్టే చలిలో ప్రశ్నలు వేరు. పీవీసీ బిరుసెక్కి వంచితే విరుగుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే దెబ్బతింటుంది. యాంటెన్నా మీద పొడి మంచు పెద్దగా అడ్డు కాదు, కరుగుతున్న తడి మంచే సిగ్నల్‌ను మింగుతుంది. టవర్ పైనుంచి రాలే గడ్డలు కింది పరికరాలను పగలగొడతాయి కాబట్టి వాటికి పైన ఇనుప జల్లెడ కప్పు పెడతారు. ఇక గాలి విషయానికొస్తే, సెకనుకు 40 మీటర్ల ఈదురుగాలి 60 సెంటీమీటర్ల డిష్‌ను సుమారు 35 కిలోల బరువుతో నెడుతుంది. డిష్ ఊడి పడకపోయినా కాస్త తిరిగితే చాలు. ఆ పరిమాణపు డిష్ కిరణపుంజం 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆరు డిగ్రీల వెడల్పు ఉంటుంది, 24 గిగాహెర్ట్జ్ దగ్గర ఒకటిన్నర డిగ్రీలే. నేరుగా పడే పిడుగుకు ఏ డబ్బా ఆగదు. దగ్గర్లో పడ్డప్పుడు తీగల్లో పుట్టే ఉప్పెనను సర్జ్ అరెస్టరు, సరైన ఎర్తింగ్ కలిసి మళ్లిస్తాయి. టవర్‌కూ భవనానికీ మధ్య రాగి బదులు ఆప్టికల్ ఫైబర్ వేస్తే ఆ దారే తెగిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలూ ఒక తనిఖీతో వృథా కావచ్చు. మూత తెరిచినప్పుడల్లా గాస్కెట్ గాడి తుడవాలి. అక్కడ చిక్కిన ఒక్క ఇసుక రేణువు, తీగ ముక్క నీటికి దారి అవుతాయి. స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపు మొదలుపెడితే మూత వాలుతుంది, ప్లాస్టిక్ మూతైతే వంగి అలాగే ఉండిపోతుంది. అణిగి చదునైన గాస్కెట్‌ను తిరగేసి వాడటం దండగ, కొత్తది వేయాలి. వెంట్ లేని డబ్బాను తేమరోజు మూస్తే ఆ తేమ లోపలే బందీ అవుతుంది. గాలి పొడిగా ఉన్న పూట, లోపలి పరికరం నడిచి వెచ్చబడ్డాక మూయడం మంచిది. తనిఖీకి తగిన వేళ వేసవి ముగిసి వానలు మొదలయ్యే ముందు. ఎండ చేసిన హాని అప్పటికి కనిపిస్తుంది, నీటి హాని ఇంకా మొదలై ఉండదు.